చల్లగా తగిలిన యంత్రాలు

పంతొమ్మిదేళ్లుగా దేశ బలాన్ని అంచనా వేసే ప్రతి నివేదికలోనూ ఆమె సేకరించిన అంకెలున్నాయి. ఆమె ఉద్యోగం మాత్రం ఇప్పటికీ తాత్కాలికమే. ఏటా కొత్తగా ఆర్డరు రావాలి. వెనక చేరినవాళ్లంతా పర్మనెంటయ్యారు. ఆమె నోరెత్తలేదు.

ఆమె పని ఫ్యాక్టరీల సర్వే. రేపు అవసరం పడితే మనకు మనం ఎంత సరుకు తయారుచేసుకోగలమో తేల్చేది ఆ ఫారాలే. యజమాని చెప్పింది విని రాసుకోవడం ఆమెకు అలవాటు లేదు. నేరుగా లోపలికెళ్లి ఒక్కో మోటారు మీద అరచెయ్యి ఆనించి చూస్తుంది. వెచ్చగా ఉంటే ‘నడుస్తోంది’, చల్లగా ఉంటే ‘ఆగింది’. ఆఫీసులో అందరూ థర్మామీటరమ్మ అంటారు.

ఈ ఏడాది బేరింగుల ఫ్యాక్టరీలో అరవై యంత్రాలకు పదిహేడే వెచ్చగా తగిలాయి. మిగతావాటికి కొన్ననాటి ప్లాస్టిక్ కవరైనా విప్పలేదు.

ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడైన ఆఫీసరు ఫారం చూసి నసిగాడు.

“ఏంటక్కా ఇది? బలపడుతున్నామని పైవాళ్లు రాయమంటుంటే, మీరు జ్వరం లేదని రాసుకొచ్చారు.”

“జ్వరం సంగతి తర్వాత సార్, వాటికి ప్రాణమే లేదు.”

“రేపోమాపో నడుస్తాయిలెండి. అరవై అని వేసెయ్యండి. మీ ఆర్డరు కూడా నా టేబుల్ మీదే ఉంది.”

“నడిచిన రోజు కబురు పెట్టండి, వచ్చి రాస్తాను.”

“పోనీ, ఇంట్లో ఒకసారి అడిగి రండి.”

“మా ఆయన్నడిగితే ఏం చెప్తారు సార్? ముట్టుకుని చూసింది నేను.”

పదిహేడు కిందే సంతకం పెట్టి వచ్చేసింది. నెలాఖరుకు ఆర్డరు రాలేదు. నివేదికలో అరవై అని అచ్చయింది.

మొన్న ఆమెను కలిసినప్పుడు, ఉద్యోగం పోయినందుకు బాధగా లేదా అని అడిగాను.

“ఎందుకుండదండీ? ఇంటద్దెకు డబ్బులు వెతుక్కోవాలి. కానీ నిజంగా బేరింగులు కావాల్సొచ్చిన నాడు, ఆ అరవైని నమ్ముకుని ఎవరో ఒకరు ఆ ఫ్యాక్టరీకి వెళ్తారు కదా. వాళ్లకేం చెప్తారు?” అంది.

ఆ నివేదిక మీద అభ్యంతరాలు తెలపడానికి ఈ నెలంతా గడువుంది. దయచేసి ఆ సర్వే ఆఫీసుకు ఒక ఉత్తరం రాయండి. సర్వేలో నింపిన అసలు ఫారాలు బయటపెట్టమనండి. ఆమెను తిరిగి పనిలోకి తీసుకోమనండి. మీరు పనిచేసే చోటికి సర్వేవాళ్లొస్తే, ఆగిపోయిన యంత్రాలు కూడా దగ్గరుండి చూపించండి.