మునెప్ప మామ సుత్తి

మొన్న ఆదివారం ఉదయం, రేసుకు ముందు జరిగే తనిఖీలో, ఒక నీలం రంగు కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని తలుపు కింది ఉక్కు దూలాన్ని సుత్తితో తట్టాను. ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక్కి, జానెడుకొక దెబ్బ. మొదటి నాలుగింటికీ లోహం గంటలా పలికింది. ఐదో దెబ్బకు తడి మట్టిని కొట్టినట్టు ‘దబ్’మంది. కారు యజమాని నా ముఖం ముందు ఒక కాగితం ఆడిస్తున్నాడు. దాని మీద ఏదో గుర్తింపు పొందిన వర్క్‌షాపు ముద్ర ఉంది. ఆ శబ్దమూ ఆ ముద్రా ఒకేసారి ఎదురయ్యేసరికి పన్నెండేళ్ళ కిందటి కోపం నాలో మళ్ళీ రాజుకుంది. ఆ కోపంలో పెద్ద వాటా నామీద నాకే ఉంది.

ఆ శబ్దాన్ని వినడం నాకు నేర్పినవారు మునెప్ప మామ. పూర్తి పేరు మునివెంకటప్ప. ఆయన తాత చిత్తూరు వైపు పల్లె నుంచి కోలారు బంగారు గనిలో పనికి వచ్చారు. మనుమడు షాఫ్ట్ ఫిట్టరయ్యారు. అంటే మనుషుల్ని భూగర్భంలోకి దించే కేజ్‌నూ, దాన్ని మోసే ఉక్కు తాడునూ చూసుకునే మనిషి. మా నాన్న గని ఆఫీసులో గుమాస్తా. గని కార్మికుల కాలనీ కోరమండల్‌లో మా ఇంటికి రెండు వరుసల అవతల వాళ్ళ ఇల్లు. గని మూతపడ్డాక, తాడు మీద అరచెయ్యి ఆనించి అందులో ఏ పోగు తెగబోతోందో చెప్పగలిగిన ఆ మనిషికి దొరికిన ఉద్యోగం, బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు ముందు గేటు ఎత్తి దించడం. ఆ పని ఇవ్వజూపినవాళ్ళు దాన్ని ఉపకారం అనుకున్నారు. ఆయన వారం రోజులు చేసి, యూనిఫాం ఉతికి, మడతపెట్టి తిరిగి ఇచ్చేశారు. తరువాత ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని మోటార్లు, పంపులు బాగుచేస్తూ బతికారు.

భూమి కింద ఆయన పాటించిన పద్ధతులు రెండు ఆ షెడ్డులోనూ నడిచేవి. గనిలో పని మొదలుపెట్టే ముందు ఇనుప గడ్డపారతో పైకప్పు రాతిని తట్టేవారట. గట్టి రాయి మోగుతుంది, విడిపోబోయే రాయి డొల్లగా పలుకుతుంది. డొల్ల శబ్దం విన్నవాడు పక్కవాడికి చెప్పకుండా అడుగు ముందుకు వెయ్యకూడదు. ఇది మొదటిది. రెండోది, కేజ్‌కు తాడు కొత్తగా బిగించినప్పుడు బిగించిన ఫిట్టరే మొదటి దింపులో కిందికి వెళ్ళాలి. “చేసినోడే ముందు ఎక్కల్ల అమ్మణ్ణీ,” అనేవారు. “అప్పుడు చెయ్యి తప్పు చెయ్యదు.”

నేను లోహశాస్త్రం చదివి బెంగళూరులో ఒక పరీక్షాశాలలో పనిచేస్తున్నాను. ముప్పై నాలుగో ఏట క్లబ్బు రేసుల్లో పాల్గొనాలనిపించింది. పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి కొని సిద్ధం చేసుకోవాలని పట్టిక రాసుకున్నాను. సిలిండర్లలో ఒత్తిడి, గేర్‌బాక్సు, స్టీరింగు, టైర్లు, ఇలా పదిహేడు అంశాలు. మొదటగా చూసిన ఎర్ర కారు పదిహేనింటిలో నెగ్గింది. పెయింటులో నా ముఖం కనబడుతోంది. బయానా ఇవ్వబోతుంటే, నాకు తోడు వచ్చిన మునెప్ప మామ జేబులోంచి చిన్న సుత్తి తీసి తలుపు కింద తట్టడం మొదలుపెట్టారు.

“ఏమప్పా, ఇది కారనుకొన్నావా, గోడనుకొన్నావా?” అన్నాడు అమ్మేవాడు.

“గోడైతే ఇంత పుట్టీ పట్టదు లేప్పా,” అన్నారాయన.

“ఫుల్ టింకరింగ్ చేయించినాము. షోరూం కండిషన్ ఉండాది.”

“షోరూంలోనే పెట్టుకో. రోడ్డు మీదికి తేవద్దు.” సుత్తి నా చేతికిచ్చారు. “నువ్వు తట్టమ్మణ్ణీ. వినబడిందా?”

తట్టాను. “వినబడింది మామా.”

“ఇంగ పోదాం పద.”

ఆ దూలం కారుకు వెన్నెముక వంటిది. దాన్ని ఆనుకునే సీటుబెల్టు కింది కొస బిగిస్తారు. అక్కడ తుప్పు తిన్న ఉక్కు తీసేసి, పుట్టీ నింపి, రంగు వేస్తే ఆ బెల్టు ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచదు, మనిషితో పాటు ఊడి వస్తుంది. తుప్పు గురించి నా చేతిలో డిగ్రీ ఉంది. నా పట్టికలో మాత్రం ఆ దూలం లేదు. ఇంటికి వచ్చి పద్దెనిమిదో అంశంగా రాసి, తరువాత ఆ పట్టిక చించి, దాన్నే మొదటిదిగా పెట్టి కొత్తది రాసుకున్నాను.

సరిగ్గా అదే మోడలు ఇంకొకటి ముళబాగిలులో ఒక లారీ షెడ్డు వెనకాల దొరికింది. రంగు వెలిసింది, ఇంజను నల్లటి పొగ కక్కింది. మామ దాన్ని ముందు నుంచి వెనకదాకా తట్టారు. ప్రతి దెబ్బా మోగింది. “ఇంజను పోతే ఇంగోటి ఏస్తాము. ఎముకలు యాడ తెస్తాము?” అన్నారు. అయిదు నెలల ఆదివారాలు మామ షెడ్డులో గడిచాయి. లోపలి పరుపులు, కార్పెట్లు పీకేశాం. బ్రేకు గొట్టాలన్నీ మార్చాం. పైకప్పు లేని కారు కాబట్టి సీట్ల వెనక ఉక్కు కమాను నిలబెట్టాం. సీటుబెల్టు బోల్టుల కింద మూడు మిల్లీమీటర్ల మందం రేకు వేసి వెల్డు చేశాం. బిగింపు ఎంతో కొలిచి చూపే టార్కు రెంచితో నేను బిగించిన ప్రతి బోల్టునూ ఆయన వేలితో తడిమి, దాని తలనుంచి రేకు మీదికి తెల్ల పెయింటుతో సన్నని గీత గీసేవారు. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనబడుతుంది.

పని ముగిసిన ఉదయం, గనిమట్టి దిబ్బల పక్కనున్న ఖాళీ రోడ్డు మీదికి కారు తీసుకెళ్ళాం. ఆయన అడక్కుండానే పక్క సీట్లో కూర్చుని బెల్టు బిగించుకున్నారు. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం నుంచి సున్నాకు బ్రేకు వేశాను. “ఇంగోసారి,” అన్నారు. ఏడుసార్లు వేయించి, దిగి, గీతలన్నీ చూసి, అప్పుడు బీడీ వెలిగించారు.

ఆ మనిషి చేసిన పని క్లబ్బుకు చెల్లలేదు. గుర్తింపు పొందిన వర్క్‌షాపు ముద్ర కావాలన్నారు. బెంగళూరులో ఒక గ్యారేజీ, కారు కంటితో చూడకుండానే, ఫోనులో నంబరు మాత్రం అడిగి ముద్ర వేసి ఇచ్చింది. ఆ కాగితం నేను తీసుకున్నాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“నా పేరు యాడ ఉండాది?”

“ఊరికే ఫార్మాలిటీ మామా.”

“తాడు కట్టింది ఒకడు, సంతకం ఇంగొకడా?” అని, మడత చెదరకుండా తిరిగి నా చేతికిచ్చారు.

రేసు రోజున మా పక్కనే నిలిపి ఉంది ఆ ఎర్ర కారు. దాన్ని ఎవరో ఒకతను కొనుక్కున్నాడు. రేసు చూడటానికి భార్యాబిడ్డల్ని కూడా తీసుకొచ్చాడు. అతని కాగితం మీదా అదే గ్యారేజీ ముద్ర. తనిఖీ అధికారి హెల్మెట్టు చూశాడు, నంబరు స్టిక్కర్లు స్కేలుతో కొలిచాడు, కొత్త టైర్లు మెచ్చుకున్నాడు. ఒక్కసారైనా నడుము వంచలేదు.

“సార్, ఆ బండి పంపవద్దండి. అడుగు డొల్లగా ఉండాది,” అన్నారు మామ.

“మీరెవరు?”

“ఫిట్టర్ని సార్.”

“ఏ వర్క్‌షాపు?”

మామ నావైపు చూశారు. నేను నోరు విప్పితే నా కాగితం కూడా అబద్ధమని తేలిపోతుంది. అయిదు నెలల పని ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది. టైరు గాలి చూస్తున్నట్టు తల వంచుకున్నాను. మీటరు ఇరవై ఎనిమిది చూపిస్తోంది. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది.

“బండికి సర్టిఫికెట్టు ఉంది. నీ చెవికి ఉందా పెద్దాయనా?” అన్నాడు అధికారి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మామ ఎర్ర కారు పక్కన కూర్చున్నారు. ఈసారి తట్టలేదు, కొట్టారు. సుత్తి తల మొత్తం లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే పుట్టీ పెళ్ళలు, ఎర్రటి తుప్పు పొడి, వాటి వెంట ఉండలా చుట్టి కుక్కిన కన్నడ దినపత్రిక ఒకటి ఊడిపడ్డాయి. మనిషి ప్రాణాన్ని పట్టి ఉంచాల్సిన చోట పాత పేపరు. అయినా యజమాని పట్టుకున్నది మామ చొక్కా కాలరునే. “నా బండి పగలగొట్టినాడు,” అని అరిచాడు. ఇద్దరు కాపలావాళ్ళు ఆయన్ను గేటు బయటికి నడిపించారు. అధికారి తన పుస్తకంలో ఎర్ర కారు ఎదుట ‘యజమాని విరమించుకున్నారు’ అని రాసుకున్నాడు. ఆ ముద్ర వేసిందెవరని ఒక్కరూ అడగలేదు. నేను హెల్మెట్టు పెట్టుకుని రేసుకు వెళ్ళాను. తొమ్మిదో స్థానం వచ్చింది.

సాయంత్రం గేటు బయట టీ బంకు బల్ల మీద ఉన్నారు మామ. “బ్రేకు ఎట్లుండాది?” అని అడిగారు. “బాగుంది,” అన్నాను. తిరుగు దారిలో కోలారు దాటాక, రోడ్డు వైపే చూస్తూ, “నీకూ వినబడింది గదా అమ్మణ్ణీ, ఆ పొద్దు,” అన్నారు. ఆ గొంతులో నింద లేదు. నిందించి ఉంటే ఏదో ఒక సమాధానం వెతుక్కునేదాన్ని.

రెండేళ్ళ తరువాత ఊపిరితిత్తులు ఆయన్ను తీసుకుపోయాయి. భూమి కింద పీల్చిన దుమ్ము. అప్పటికే నేను తనిఖీ అధికారి పరీక్ష రాసి నెగ్గాను. ఆయన సుత్తి నా దగ్గర ఉంది. మొన్నటి నీలం కారు యజమాని, “ముద్ర ఉంది కదా మేడం,” అన్నాడు. పని చేసిందెవరని అడిగితే పేరు తెలియదన్నాడు. సుత్తి అతని చేతికిచ్చి అయిదో చోట తట్టమన్నాను. తట్టి, “వినబడింది,” అన్నాడు. ఆ కారును ఆపేశాను.

నా సొంత కారు ఆ తొమ్మిదో స్థానం తరువాత మళ్ళీ రేసు చూడలేదు. దాని గీతల్లో ఒక్కటీ విరగలేదు. ఏటా ప్రవేశపత్రం నింపుతాను. కారును సిద్ధం చేసినవారు అన్న చోట ‘మునివెంకటప్ప, షాఫ్ట్ ఫిట్టర్, కోరమండల్’ అని రాస్తాను. ముద్ర లేదని తిప్పి పంపుతారు. మరుసటి ఏడు మళ్ళీ అదే పేరు రాసి పంపుతాను.