రెండో చప్పుడు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. క్లారా హాల్సాల్ నోటికి మాత్రం ఊరే సర్దుకుపోయింది. పద్నాలుగో ఏట ఇంగ్లండులోని లాంకషైర్‌లో బట్టల మిల్లు పనిలో చేరిన మనిషి. మగ్గాల మోతలో మాట వినపడదు గనుక అక్కడి ఆడవాళ్లు గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవారు. నాలుగు మగ్గాల అవతల ఎవరు ఎవరిని తిడుతున్నారో క్లారాకు ఇట్టే తెలిసిపోయేది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చాక ఆమెను బాంబర్ విమానాలు కట్టే ఫ్యాక్టరీకి పంపారు. ఆ మోత ఆమెకు కొత్త కాదు. కొత్తగా దొరికిందల్లా జోడీ మనిషి మిన్నీ క్రాంప్టన్. పిడికెడు మనిషి, అందుకే విమానం రెక్కలోపలికి దూరి పనిచేయమన్నారు. క్లారా బయటి నుంచి గన్‌తో రేకులు బిగించే రివెట్ కొడుతుంటే, లోపల మిన్నీ దాని కొసకు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. లోపలున్న మనిషి పెదాలు కనపడవు కదా, అందుకని రేకు మీద తట్టేది. ఒక్కసారి తడితే బాగుంది అని. రెండుసార్లు తడితే బాగాలేదు, మళ్లీ కొట్టమని.

"ఒసే మిన్నీ, బతికున్నావా?" టీ వేళకు క్లారా రెక్కలోకి తలపెట్టి అరిచేది.

"నీ వాగుడు వినపడనంతసేపూ హాయిగా ఉన్నానే!" అంటూ జుట్టునిండా రేకు తురుముతో మిన్నీ బయటికి పాకేది.

ఆ రోజులు తలచుకుంటే క్లారాకు ప్రాణం లేచొస్తుంది. యుద్ధాన్ని తలచుకుని మురిసిపోవడమేమిటని సిగ్గు కూడా వేస్తుంది. ఏం చేస్తుంది పాపం, ఇరవై రెండేళ్ల వయసు, క్యాంటీన్‌లో పాటలు, తాను రివెట్లు కొట్టిన రెక్క షెడ్డు తలుపు దాటుతుంటే అందరూ కలిసి వేసే ఈలలు!

ఒక్క శనివారం మాత్రం గొంతులో ముల్లులా మిగిలింది. ఆ సాయంత్రం కాబోయే భర్త వాల్టర్ సెలవు మీద రైలు దిగుతున్నాడు. రివెట్ల చివరి వరసలో మిన్నీ రెండుసార్లు తట్టింది. క్లారా వినీ విననట్టు గన్ కిందపెట్టి స్టేషనుకు పరుగెత్తింది. సోమవారం వచ్చేసరికి ఆ రెక్క అక్కడ లేదు. మిన్నీని వేరే షెడ్డుకు మార్చేశారు.

తిరిగిరాని విమానాల సంగతి రేడియోలో చెప్పినప్పుడల్లా ఆ వరసే కళ్లముందు మెదిలేది. తర్వాత నలభై ఏళ్ల స్నేహంలో ఊరి సంగతులన్నీ నమిలిన క్లారా, ఆ ఒక్కటి మాత్రం అడగలేదు. ఆ రెక్క అలాగే పోయిందని మిన్నీ చెబితే ఎలా బతకాలి?

ఇప్పుడు మిన్నీకి పక్షవాతం. మాట పోయింది. మూతి వంకరపోయి పెదాలు చదవడమూ కుదరదు. వారం గడవడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. ఇక అడగక తప్పదని క్లారా ఆసుపత్రి మంచం పక్కన కూర్చుంది.

"ఆ శనివారం రెండుసార్లు తట్టావే. విన్నాను. వినే వెళ్లిపోయాను." క్లారా ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఆ వరస ఎవరిచేతనైనా మళ్లీ కొట్టించావా?"

మిన్నీ కళ్లు తెరిచింది. ఎడమచెయ్యి మెల్లగా మంచం కమ్మీని వెతుక్కుంది. ఉంగరం కమ్మీకి తగిలి టక్కుమంది.

జీవితంలో మొదటిసారి క్లారా నోరు మూసుకుని కూర్చుంది. పక్క మంచంలో ఎవరో దగ్గారు. నర్సు టీ బండి తోసుకుంటూ వార్డు చివరిదాకా వెళ్లిపోయింది. రెండో చప్పుడు రాలేదు.

"దొంగముండా, నలభై ఏళ్లు నిద్ర లేకుండా చేశావు గదే!" అని క్లారా బావురుమంది.

మిన్నీ వంకర మూతి ఇంకాస్త వంకర తిరిగింది. అది నవ్వేనని క్లారాకు తెలుసు.