ఆ 'కొందరు' నేనే

తొమ్మిదేళ్లు ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరిగాను. తిండి సయించలేదని, నిద్ర పట్టలేదని చెప్పను. బాగానే తిన్నాను, బాగానే పడుకున్నాను. నాకు ఎక్కువ సిగ్గు దానికే. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెప్పడం తేలిక. పేరు మాత్రం అడగకండి.

మాది నల్గొండ దగ్గరి పల్లె. యాదమ్మ నా తోటికోడలు, మరిది భార్య. ఆమెకు ఒళ్లంతా నొప్పుల జబ్బు. వాపుండదు, పుండుండదు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. ఒకరోజు మామూలుగా తిరుగుతుంది, మర్నాడు దువ్వెన కూడా పట్టుకోలేదు. ఇప్పుడు మేమిద్దరం మహిళా సంఘాల మీటింగులకు పోయి ఆ జబ్బు గురించి చెప్తాం, ఇలాంటి ఆడవాళ్ల మందులకని చందాలు అడుగుతాం. డబ్బా పట్టుకునేది యాదమ్మ. మాట్లాడేది నేను. నాకు నోరెక్కువ. ప్రతి ఊళ్లోనూ ఒక మాట తప్పకుండా అంటాను: "మొదట్ల ఇంట్ల కొందరు గీమె నొప్పిని నాటకమన్నరు." విన్నవాళ్లు అయ్యో అంటారు. యాదమ్మ తల వంచుకుంటుంది.

ఆ కొందరు ఎవరు?

తొమ్మిదేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు, వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకునే వేళ, యాదమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. నా ముందే రెండు నొప్పి గోలీలు మింగి నీళ్లు తాగింది.

"అక్కా, గీ ఒక్క పూట ఆడుత. ఆడాల్నని పానం కొట్టుకుంటాంది. రేపు లేస్తనో లేదో. గోలీలు మింగి ఆడిందని అత్తకు జర నువ్వే చెప్పు. నేను చెప్తె నమ్మది."

"చెప్త తియ్యి. ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఆడింది. నవ్వుతూ, చప్పట్లు కొడుతూ, నా ఎదురుగానే తిరుగుతూ ఆడింది. మర్నాడు పత్తి ఏరాలి. యాదమ్మ మంచం దిగలేదు. ఆమె సాళ్లు కూడా నేనే ఏరాను. నడుం పట్టేసి ఇల్లు చేరేసరికి అత్త, మరిది వాకిట్లో ఉన్నారు. చిన్నకోడలికి ఏమైందని అత్త అడిగింది. చెప్తానన్న మాట నాలుక మీదే ఉంది. మింగేశాను. బతుకమ్మకు లేచిన కాళ్లు చేనుకు లేస్తలేవంటే నాటకం కాక ఏందన్నాను. గోలీల ఊసే ఎత్తలేదు.

నోరు జారిందని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. జారిందా? అయితే సాయంత్రమైనా వెనక్కి తీసుకోవచ్చు కదా, ఎవరు పట్టుకున్నారు నన్ను? అసలు సంగతి వేరే. ఆమె అంత సంబరంగా ఆడటం నాకు కంటగింపైంది. నొప్పి ఉన్న మనిషి నవ్వకూడదని నాలో నేనే తీర్మానం చేసుకున్నాను, ఆ నవ్వుకు మర్నాడు ఎండలో నా నడుం వంగాల్సి వచ్చిందని ఒళ్లు మండింది.

మరిది ఆ మాట పట్టుకున్నాడు. దవాఖానకు తీసుకుపోవడం మానేశాడు. రెండేళ్లు యాదమ్మ పంటి బిగువున చేనుకొచ్చింది. చివరికి ఆమె తమ్ముడు నల్గొండ తీసుకుపోతే డాక్టరమ్మ ఆ జబ్బుకు పేరు చెప్పింది. మళ్లీ ఎప్పుడూ యాదమ్మ బతుకమ్మ ఆడలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. పైగా మీటింగుల్లో మాట్లాడమని నన్నే అడిగింది.

మొన్న బుధవారం ఒక ఊళ్లో ఒక అత్త లేచింది. తన కోడలు పెండ్లిలో రోజంతా తిరిగిందట, మర్నాడు గిన్నె ముట్టలేదట, ఇది నాటకం కాదా అని నన్నే అడిగింది. ఆ కోడలు గోడ వారన కూర్చుని గోళ్లు గిల్లుకుంటోంది. నేను ఎప్పటి మాటే మొదలుపెట్టాను. 'కొందరు' అనబోయి 'నేను' అన్నాను. ఇక ఆగలేదు, మొత్తం చెప్పేశాను. గోలీలు చూశానని, చెప్తానన్నానని, అన్నీ తెలిసే నాటకమన్నానని. ఈసారి ఎవరూ అయ్యో అనలేదు. ఆ అత్త మాత్రం మెల్లగా కూర్చుంది.

తిరుగు ఆటోలో యాదమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే సరే అంటుంది, ఆమె మంచితనాన్ని ఇంకోసారి వాడుకోవడం నాకిష్టం లేకపోయింది. ఊరి దగ్గర దిగుతూ అంది:

"గోలీల సంగతి నువ్వు మర్చిపోయినవనుకున్న."

ఇన్నేళ్లూ నాకు తోడు నడవడానికి ఆమెకు మర్చిపోయానన్న ఆ ఒక్క నమ్మకమే ఆసరాగా ఉందేమో. దాన్ని కూడా లాగేశాను. "మర్చిపోలే," అన్నాను.

అయినా ఒళ్లు తేలికైంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. అత్త పోయి మూడేళ్లయింది. మరిదికి ఇంకా చెప్పాలి, చెప్తాను. వచ్చే బుధవారం ఇంకో ఊళ్లో మీటింగు ఉంది. యాదమ్మ నన్ను రమ్మంటుందో లేదో తెలియదు. రమ్మంటే మాత్రం, కొందరు అనను.