రెక్సిన్ పెట్టె తొక్కిన నిమ్మకాయ

కొత్త ఆటో ఎక్కితే చాలు, రెక్సిన్ వాసనకు నాకు ఎర్రగుంట్ల గుర్తొస్తుంది. అక్కడ సిమెంటు లారీలకు సీట్లు కుట్టే మా నాయన, నా కోసం పాత టీవీతో వీడియోగేమ్ పెట్టె చేశాడు. చెక్కకు జిగురు పూసి, ఎర్ర రెక్సిన్ బిగలాగి, బుడగల్లేకుండా అరచేత్తో ఒత్తాడు. చివర్లో అలవాటు కొద్దీ కర్పూరం వెలిగించి, పెట్టె ముందు నిమ్మకాయ పెట్టాడు.

కొత్త లారీ ఏదైనా నిమ్మకాయను తొక్కాకే కదలడం చూసినదాన్ని నేను. బొత్తాలు ముట్టుకోకుండా కూర్చున్నాను.

"ఏందిమ్మా అట్ల చూస్తాండావు? ఆడుకో."

"ముందు ఇది నిమ్మకాయ తొక్కల్ల గదా నాయనా!"

నాయన నవ్వలేదు. పెట్టెను వెనక్కి వంచి, నిమ్మకాయను కిందికి తోసి, బరువంతా దించాడు. రసం ఎర్ర రెక్సిన్ మీదికి చిందింది. కొత్త రెక్సిన్ మీద ఎవరు వేలు పెట్టినా ఊరుకోని మనిషి, ఆ తడి తుడవను కూడా లేదు.

"ఇంక పోనీమ్మా బండిని!" అన్నాడు.