మిద్దె మీద నుంచి వాన కబురు

మా వాట్సాప్ గ్రూపుకు పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట ఒక మబ్బు బొమ్మ, దాని పక్కన ఒక గొడుగు బొమ్మ ఉంటాయి. పత్తికొండ, డోన్, బనగానపల్లె చుట్టుపక్కల పల్లెల వాళ్లం ఓ నలభై మందిమి ఉంటామేమో. ఎక్కువమంది ఏటా చర్చి కూడికల్లో కలుసుకునే సన్నకారు రైతులు. అందులో మాట్లాడుకునేది ఒక్కటే విషయం, వాన. ఎక్కడ పడింది, ఎంత పడింది, ఎక్కడ పడలేదు. మా సీమలో కదా, పడలేదన్న కబుర్లే ఎక్కువ.

ఆ గ్రూపులో మిల్లీమీటర్లు ఎవరికీ పట్టవు. వాన వెలిశాక చేలోకి పోయి, సాలులో చెయ్యి దూర్చి, తడి ఎంత లోతు దిగిందో చూసి, ఆ మట్టి చేతిని ఫోటో తీసి పెట్టాలి. బెత్తెడు దిగితే బెత్తెడు పదును, జానెడు దిగితే జానెడు పదును. చెయ్యి ఫోటో లేకపోతే వాన పడినట్టే కాదు. అందుకే ఆ గ్రూపులో నాకు చాలామంది మొహాలు తెలియవు, చేతులు మాత్రం బాగా తెలుసు.

గ్రూపు పెద్ద డోన్ దగ్గర పల్లెలో ఉంటాడు. అక్కడి చర్చికి కూడా ఆయనే సంఘ పెద్ద. గుడ్ మార్నింగులు, గులాబీ పూలు, ఎవరో పంపితే ఇంకెవరికో తోసే ఫార్వర్డులు కనబడితే చాలు, కలుపు మొక్కను పీకినట్టు పీకేస్తాడు. ఒకసారి సొంత అల్లుడు పెట్టిన పండగ శుభాకాంక్షలు కూడా పీకేశాడు. అల్లుడు అలిగి గ్రూపులోంచి పోయాడు. "పోతే పోనీ, వాన వాడేమన్నా సంకన పెట్టుకోని తెస్తాండాడా?" అన్నాడు పెద్దాయన.

ఇంత గట్టి గ్రూపులో నన్ను చేర్చింది మా తమ్ముడు. ఎందుకు చేర్చాడో వాడికే తెలియదు. నాకు సెంటు చేను లేదు. పత్తికొండలో జిరాక్సు అంగడి నాది, అర్జీలు టైపు చేసిస్తాను. మా ఆయన టమాటా మార్కెట్టుకు ఆటో తోలుతాడు. చేను లేనిదాన్ని, చెయ్యి ఎక్కడ దూర్చాలి? అందుకని నోరు మూసుకుని అందరి చేతులూ చూస్తూ, బొటనవేలు బొమ్మలు, దండం బొమ్మలు పెడుతూ కాలం గడిపాను.

మా ఆయనకు ఇది భలే తమాషాగా ఉండేది. "చర్చిలో ప్రార్థనకు లేస్తే అర్ధగంట ఆపవు. పాస్టరు గడియారం చూసుకుంటా కూర్చుంటాడు. ఈడ ఒక మాట రాసేకి ఏమొచ్చినాదే నీకు?" అనేవాడు. దేవుడైతే ఫోటో అడగడు కదా అన్నాను. 

ఒకసారి తెగించాను. ముందురోజు సాయంత్రం మా ఊళ్లో మంచి వాన పడింది. మా మిద్దె మీద పెయింటు బకెట్టులో కరివేపాకు చెట్టు ఉంది. చేను లేకపోతేనేం, మట్టి ఉంది కదా అని అందులో చెయ్యి దూర్చాను. అబ్బో, అడుగుదాకా తడే! ఆ చేతిని ఫోటో తీసి, "పత్తికొండ, జానెడు పదును" అని పెట్టేశాను. గ్రూపు ఊగిపోయింది. పక్క ఊళ్ల వాళ్లు నాగళ్లు సర్దుకుంటామన్నారు. ఎవడో మహానుభావుడు ఫోటోను పెద్దది చేసి చూసి, బకెట్టు అంచు కనిపెట్టాడు. ఇంకేముంది? "అక్కా, బకెట్టులో శనక్కాయ ఎప్పుడు ఇత్తుతావు?" అని ఒకడు, "బకెట్టుకు పంట బీమా ఉందా?" అని ఒకడు. ఆ రోజుతో నా పేరు బకెట్టక్క అయిపోయింది. నాకు ఒళ్లు మండింది. బొటనవేలు బొమ్మలు కూడా మానేశాను. చచ్చినా ఇక నోరెత్తకూడదనుకున్నాను.

నోరెత్తకపోయినా చదవడం మానలేదు. ముఖ్యంగా ఒకామె కోసం చదివేదాన్ని. డోన్ అవతల, పెద్దాయన ఊరి పక్క పల్లె ఆమెది. చేతిని చూస్తే నాకంటే రెండు మూడేళ్లు చిన్నదేమో. భర్త నడుము పట్టేసి మంచం ఎక్కితే, ఒక్కతే కౌలు చేలో మిరప పెట్టింది. మధ్యలో బోరు ఎండిపోతే పక్క చేను వాళ్ల కాళ్లావేళ్లా పడి నీళ్లు పారించుకుంది. ఇదంతా ఆమె పెట్టిన మెసేజీల్లోనే తెలిసింది. వేసవి మొదట్లో కాయ కోసి కళ్లంలో ఆరబోసింది. రోజూ ఒక ఫోటో పెట్టేది, ఎర్రటి కాయలు, వాటిని తిరగేస్తున్న ఒక చెయ్యి. వానకు సంబంధం లేని ఫోటో కదా, అయినా పెద్దాయన పీకలేదు. "ఎండ కబురు గూడ వాన కబురేలే," అన్నాడు. గ్రూపులోనే ఉన్న మిరపకాయల వ్యాపారి భాయ్ మాత్రం ముందే చెప్పేశాడు: "చూడమ్మా, తడిసిన కాయ తెల్లగా తాలు పడతాది, బూజొస్తాది. నేను కొనలేను. తర్వాత నన్ను తిట్టుకోవద్దు." అంటే ఆ యింటి ఏడాది కష్టమంతా ఆకాశం కింద నేల మీద పరుచుకుని ఉంది.

ఒక మధ్యాహ్నం ఉతికిన బట్టలు తీద్దామని మిద్దె ఎక్కాను. పడమర చూస్తే నల్లటి మోడం. దుమ్ము లేచింది, చల్లగాలి మొహాన కొట్టింది. కింద వీధిలో పిల్లలు వానొస్తుందని కేకలు వేస్తున్నారు. ఇంకో రోజైతే నేనూ వాళ్లతో కేకలు వేసేదాన్ని. ఆ రోజు మాత్రం ఆమె కళ్లమే కళ్ల ముందు మెదిలింది. మాకు పడమర పుట్టిన మోడం తూర్పుకు పోతే తగిలేది డోన్ దిక్కే.

బట్టలు అక్కడే వదిలేసి ఫోను తీశాను. అలవాటైన వేళ్లు కదా, పొద్దస్తమానం అర్జీలు కొట్టే వేళ్లు. ఏం రాశానో చూడండి: "రైతు సోదర సోదరీమణులకు ముఖ్య గమనిక. పశ్చిమ దిక్కున దట్టమైన మేఘములు ఆవరించి ఉన్నవి. కావున ఆరబెట్టిన పంటను తక్షణమే సురక్షిత ప్రదేశమునకు తరలించుకోవలసినదిగా మనవి." పంపించాను. నిమిషం తిరగకుండా మాయమైంది. దాని కింద పెద్దాయన మాట: "ఫార్వర్డు మెసేజీలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పల్లమ్మా?"

ఫార్వర్డా! నా కళ్లతో చూసి, నా వేళ్లతో కొట్టింది ఫార్వర్డా! మిరపకాయల ఆమెకు ఫోను చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. మోడం మా తల మీదికి వచ్చేసింది. ఇక నా వల్ల కాలేదు. మైకు బొమ్మ నొక్కి నోటికొచ్చినట్టు అరిచాను.

"ఏమప్పా పెద్దమనిషీ! ఫార్వర్డంట ఫార్వర్డు! నాకెవరు పంపిచ్చినారప్పా? పత్తికొండలో మా మిద్దె మీద నిలబడుకోని నేనే చూస్తాండా. పడమరంతా మోడం పట్టి నల్లగ ఉండాది. గాలి మీ దిక్కే కొడతాండాది. ఆయమ్మ కాయలన్నీ కళ్లంలో పరిచింది, ఫోను ఎత్తడంలేదు. ఎవరన్నా ఉరకండప్పా! ఇది గూడ పీకేసినావంటే డోన్‌కొచ్చి నీతోనే తేల్చుకుంటా, చెప్తాండా!"

వదిలాక గానీ తెలియలేదు, సంఘ పెద్దను నువ్వు, నీ అని తిట్టిపోశానని. వెంటనే ఆయన గొంతే వచ్చింది. రొప్పుతున్నాడు, వెనక మోటారు సైకిలు చప్పుడు. "బకెట్టక్కవా నువ్వు? పోతాండాం తల్లీ, పోతాండాం."

తర్వాత ఫోటోలు వచ్చాయి. ఎవరెవరివో చేతులు, పారలు, గంపలు, కుప్పేసిన కాయలు, పైన పట్టలు, పట్టల మీద రాళ్లు. ఆమె ఊళ్లో సగం మంది పరుగెత్తినట్టున్నారు. నేను మిద్దె మీదే కూర్చుని దేవుణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నాను.

వాన పడలేదు. మోడం దారి మళ్లించుకుని ఎటో దక్షిణానికి పోయింది. డోన్ దిక్కున ఒక్క చినుకు లేదు. అంతమంది నడుములు విరగ్గొట్టుకున్నారు, ఎర్రటి ఎండ మళ్లీ వచ్చింది. "బకెట్టక్క వాన బకెట్టులోనే పడినట్టుండాది," అని ఒకడు రాశాడు, దాని కింద నవ్వు బొమ్మలు వరసగా. మా ఆయన ఆటో పెట్టి వచ్చి అంతా చదివి, "నీ కథ అయిపోయిందిలే," అన్నాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. గ్రూపులోంచి బయటికి పోదామని వేలు పెట్టాను కూడా.

అప్పుడు మిరపకాయల ఆమె గొంతు వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. మెత్తటి గొంతు. "అక్కా, నువ్వెవరో నాకు తెలీదు. ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి కళ్లంలో ఉన్నా. వాన రాలేదు, మంచిదేలే. ఎత్తిన కాయ మళ్లా పరుచుకుంటా. తడిసిన కాయనైతే నేనేం చేసుకోవల్ల చెప్పు? ఈళ్లు నగితే నగనీ. రేపు గూడ మిద్దె ఎక్కి చూడక్కా."

ఆ మాటతో నవ్వు బొమ్మలు ఆగిపోయాయి. నేనూ ఆగాను.

మరుసటి రోజు నుంచి అదే నా పని. పొద్దున అంగడి తెరిచేముందు ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి మిద్దె ఎక్కడం, పడమర చూడడం, చెప్పడం. అర్జీల భాష అంగడిలోనే వదిలేశాను. "పడమర తెల్లగ ఉండాది, నిమ్మళంగా ఆరబెట్టుకోండి," అని నోటితోనే చెప్పేదాన్ని. నా గొంతు రాకపోతే పెద్దాయనే అడిగేవాడు, "ఏమ్మా, ఈ పొద్దు ఇంకా మిద్దె ఎక్కలేదా?" అని. ఒకరోజు జలుబు చేసి గొంతు పోతే భాయ్ మిరియాల కషాయం ఎలా కాయాలో చెప్పాడు. పెద్దాయన దాన్ని కూడా పీకలేదు.

కాయ దాదాపు ఎండిపోయి, రేపో మాపో సంచులకెత్తుతారనగా ఒక మధ్యాహ్నం పడమటి మూల మోడం కనబడింది. పెద్దదేమీ కాదు, దుప్పటంత. గాలీ లేదు. చెబితే మళ్లీ నవ్వులపాలవుతానేమో. చెప్పకపోతే? ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగాను. చివరికి నొక్కాను. "నాకు గట్టిగా తెలీదు పాపా. చిన్న మోడమే. అయినా నాకెందుకో భయంగ ఉండాది. ఎత్తుకో."

"ఎత్తుతాండా అక్కా," అంది, అంతే. పెద్దాయన కూడా, "పోతాండాం," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మోడం మా మీదుగా పోయింది. మా ఊళ్లో చుక్క రాల్లేదు. నేను అంగడిలో ఎవరిదో పింఛను అర్జీ కొడుతూ, ప్రతి అక్షరానికీ ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. ఫోటో లేదు, మాట లేదు. అర్జీదారు పేరు రెండుసార్లు తప్పు కొట్టాను.

సాయంత్రానికి ఆమె దగ్గర నుంచి ఒక వాయిస్ వచ్చింది. నొక్కితే మాట లేదు. పట్టల మీద దబదబా వాన పడుతున్న చప్పుడు, ఒకటే చప్పుడు. ఆ చప్పుడు మధ్యలో ఆమె గట్టిగా అరిచింది: "అక్కా, వింటాండావా? ఒక్క కాయ తడవలేదు!" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. అంగడిలో ఉన్న ముసలాయన ఏమైందమ్మా అని అడిగితే, డోన్ దిక్కున వాన పడుతోంది తాతా అని చెప్పాను.