లేవని చెప్పిన మచ్చ

నా బిడ్డ విరేచనాల వల్ల కాదు, ఒంట్లో నీళ్లు లేక చనిపోయిందని నాకు మొట్టమొదట తెలియజేసింది మా వీధి ఆశా కార్యకర్త బాలమణి. తెలియజేశానని ఆమెకే తెలియదు. వానలు మొదలయ్యాయని గద్వాలలో మా వీధి ఆడవాళ్లను మా అరుగు మీద కూర్చోబెట్టి, ఉప్పూ చక్కెరా కలిపిన పొడి పొట్లాలు పంచుతూ మామూలుగా చెప్పింది. "పిల్లలకు మోషన్లయితే నీళ్లు బంద్ చేయొద్దు. నీళ్లే తాపాలె. జర జర, చెంచతోని, ఆపకుండ." అప్పటికి నా భాగ్య పోయి మూడేళ్లు. ఆ రోజు నా గుండెల మీద ఒక బరువు పడింది. దాన్ని దించుకోవాలని నేను చేసిన పని ఇంకో బరువైంది. రెండోదే పెద్దది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి పోలేదు. మా నాన్న మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని సుద్దముక్కతో నేల మీద అక్షరాలు దిద్దించాడు. ఆయన పుణ్యాన ఇలా రాస్తున్నాను. పొద్దున దీపం పెట్టి, దేవుడు ఇచ్చినవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుని దండం పెట్టుకోవడం కూడా ఆయన నేర్పిందే. వీధిలో నాకు మంచిదాన్నని పేరు. అబద్ధం ఆడనని పేరు. ఆ పేరే లేకపోతే నేను చేసింది చేయగలిగేదాన్ని కాదు.

మా బావగారి భార్య, అంటే నా పెద్ద తోడికోడలు, మా ఇంట్లోనే ఉంటుంది. అసలు పేరు రాయలేను. సత్తెమ్మ అనుకోండి. మేం నేసే రకం చీరకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నడుమంతా నూలు, అంచు పట్టు. అవి కలిసే చోట ప్రతి వరసకూ నూలు పోగును పట్టు పోగుకు వేళ్లతో మెలివేయాలి. ఎడమ అంచు సత్తెమ్మది, కుడి అంచు నాది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె మోచేయి నా మోచేతికి తగులుతూనే ఉంది.

భాగ్యకు తొమ్మిదో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. నేను చెంచాతో నీళ్లు పట్టబోతుంటే సత్తెమ్మ ఆపింది. "ఏంది గది? నీళ్లు పోస్తే ఇంకింత పోతది. కడుపు ఎండనియ్యి, అదే కట్టుకుంటది." ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. నేను చెంచా దించాను. మర్నాడు పాప ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. నెత్తి మీద మాడు గుంట పడింది. చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచిపోయింది. అవన్నీ గుర్తులని నాకెవరు చెప్పారు? కన్నీళ్లు రావడం లేదు కదా, నొప్పి తగ్గిందనుకున్నాను. సాయంత్రానికి పోయింది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ల మధ్య కూర్చుని సత్తెమ్మ అంది, "దీని పాలల్లనే ఏదో ఉన్నది. నా పిల్లలకు ఎన్నడన్న గిట్లయిందా?"

ఆ మాటను మూడేళ్లు నిజమనుకుని బతికాను. నా పాలను నేనే తిట్టుకున్నాను. తరువాత బాలమణి వచ్చి ఆ పొట్లాలు పంచింది. సత్తెమ్మ కూడా అరుగు మీదే ఉంది. అన్నీ వింది. నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె నా వైపు చూడలేదు. బియ్యం నానబెట్టాలని లేచి లోపలికి పోయింది. నేను ఒక్క మాట కోసం ఎదురుచూశాను. తెల్వక అన్న చెల్లె, అంటే చాలు. వారం చూశాను. ఏడాది చూశాను. పక్కనే కూర్చుని పోగులు మెలివేస్తూ రోజూ చూశాను. ఆ మాట రాలేదు. నా కడుపులో ఒక కోరిక మొలిచింది. ఆమెకూ ఏదో ఒకటి పోవాలి. ఏమీ తెలియకుండానే పోవాలి, నా బిడ్డ పోయినట్టు.

ఆ తరువాత ఆమె ఎడమ చేతి మీద, మోచేతి కింద, మచ్చ కనబడింది. రూపాయి బిళ్లంత. చుట్టూ ఉన్న చర్మం కన్నా పాలిపోయి ఉంది. "శోభి మచ్చనే తియ్యి. చేపల కూర తిన్ననాడే పాలు తాగిన, గందుకే," అని ఏదో ఆకు పసరు రుద్దుకుంది. మచ్చ అరచేతి వెడల్పయింది. ఒక పొద్దున జొన్నరొట్టెలు చేస్తుంటే ఆమె చేయి కాలుతున్న పెంకకు ఆనుకుంది. కాలిన వాసన ముందు నాకు వచ్చింది. ఆమె తీరిగ్గా మాట్లాడుతూనే ఉంది. నేను చేయి లాగితే చూసుకుని నవ్వింది. "నా తోలు దున్నపోతు తోలు పిల్లా! నీలెక్క మైనం బొమ్మనా?"

తరువాతి వారమే బాలమణి ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. చేతిలో బొమ్మల కాగితం.

"వదినె, గిట్ల తెల్లగ గానీ ఎర్రగ గానీ మచ్చ ఉంటది సూడు. దురద ఉండది, నొప్పుండది, ముట్టినా తెల్వది. దురద పెడ్తెనే రోగమనుకుంటరు జనం. గిది ఉల్టా. ఏం తెల్వకపోవుడే దీని గుర్తు."

"ఏం రోగమది?" అన్నాను.

"కుష్ఠు. పేరు ఇనంగనే పరేషాన్ కావద్దు. జల్ది పట్టుకుంటె గోలీలతోని పోతది, పైసా అడగరు. ఆలస్యమైతెనే నరాలు సచ్చి వేళ్లు వంగిపోతయి. మీ ఇంట్ల ఎవరికన్న ఉన్నయా?"

"లేవు."

"సత్తెక్క ఏది?"

"చీర ఇయ్యనీకి సావుకారు ఇంటికి పోయింది."

"అయితే రేపొస్త. ఆమెను ఒక్కపారి సూడాలె."

"ఎండల మల్ల ఎందుకు తిరుగుతవ్? ఒక్క మగ్గం మీద కూసుంటం. ఆమె చేతులు నాకు తెల్వయా?"

బాలమణి నవ్వింది. "నువ్వు చెప్పినంక ఇగ సూసుడేంది! మా ఆయన మాటన్న నమ్మ గానీ నీ మాట నమ్మనా?" కాగితంలో రాసుకుంది. మా తలుపు పక్కన సుద్దతో గుర్తు పెట్టి పోయింది.

లోపలికి వెళ్లి దీపం పెట్టాను. దండం పెట్టాను. అడగకుండానే ఇచ్చావు స్వామీ, నీకు రుణపడి ఉంటాను, అన్నాను. ఆ అబద్ధం కన్నా ఆ దండమే ఎక్కువ పాపమేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ మీ దగ్గర అబద్ధం ఎందుకు? ఆ రోజు నాకు భయం కలగలేదు. ఎన్నో ఏళ్లకు అన్నం రుచి తెలిసింది.

ఏడాదిన్నర చూశాను. చిటికెన వేలు, దాని పక్క వేలు మొదట మొద్దుబారాయి, తరువాత లోపలికి వంగాయి. మెలి జారేది. అంచులో సందులు పడేవి. పట్టు పోగు వేలిని కోసి నెత్తురు చీర మీద పడితే తప్ప ఆమెకు తెలిసేది కాదు. సావుకారు నలుగురి ముందు చీర ఆమె ఒళ్లో పడేసి, "నేసుడు మర్చిపోయినవా సత్తెమ్మా?" అన్న నాడు నేను పక్కనే తల వంచుకుని నిలబడ్డాను. లోపల నవ్వుకున్నాను. ఒకే కప్పు కింద నా భర్త ఉన్నాడు, ఆమె పిల్లలున్నారు. వాళ్లకు అంటుకుంటే? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా భాగ్య ఎండిన పెదాలు తలుచుకునేదాన్ని. ప్రశ్న పోయేది.

చివరికి వేలి పుండు మానకపోతే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ పుండును చూసి వదిలేసి, చేతి మీది మచ్చను దూదితో తాకింది. కళ్లు మూసుకున్న సత్తెమ్మ ఒక్కసారి కూడా తెలిసిందనలేదు. ఏడాది గోలీలు మింగితే రోగం పోతుంది, మందు మొదలుపెడితే ఇంక ఎవరికీ అంటదు, కలిసి తినొచ్చు, కలిసి పడుకోవచ్చు అంది డాక్టరమ్మ. ఇంట్లో అందరినీ చూసి, మాకూ ఒక్కో మోతాదు మందు ఇచ్చారు. దేవుడి దయ, మా ఎవరికీ రాలేదు. సత్తెమ్మకు రోగం పోయింది. వంగిన రెండు వేళ్లు మాత్రం తిరిగి తిన్నగా రాలేదు. ఏడాదిన్నర ముందొస్తే ఈ చేయి ఇట్లుండకపోవు, అంది డాక్టరమ్మ. నేను లెక్క వేయక్కర్లేదు. అది నేను "లేవు" అన్న రోజని నాకు తెలుసు. తన వీధిలో రోగి ఉన్నా కనిపెట్టలేదని బాలమణికి పైవాళ్లు చీవాట్లు పెట్టారు. నా పేరు చెప్పలేదట. తానే సరిగ్గా చూడలేదని ఒప్పుకుందట.

సత్తెమ్మ ఇప్పుడు మగ్గం ఎక్కదు. ఒంటిచేత్తో జడ వేసుకోలేదు. పొద్దున్నే వచ్చి అరుగు మెట్టు మీద నా ముందు కూర్చుంటుంది. నేను దువ్వి జడ వేస్తాను. "నువ్వు లేకుంటె నేనేమైతుంటినో చెల్లె," అంటుంది. ఆ మాట వినడానికే నేను బతికున్నానా? భాగ్య పేరు మాత్రం ఈ రోజు వరకూ ఆమె నోట రాలేదు. అందుకే నేనూ నోరు తెరవలేదు. ఆమె ఒక్కసారి ఆ పేరు ఎత్తితే, ఆ మెట్టు మీదే కూర్చుని మొత్తం చెప్పేద్దామని రోజూ అనుకుంటాను. ఎత్తదు. చెప్పను. జడ ముడి కొంచెం గట్టిగా లాగుతాను.

చెంచా దించింది ఎవరు? నేనే. ఆమెకు తెలియక అన్న మాటకు, నేను తెలిసి శిక్ష వేశాను. ఈ తేడా నాకు తెలుసు. తెలిసీ నా కోపం పూర్తిగా పోలేదు. ఆమెను క్షమించానని రాస్తే ఇది ఇంకో అబద్ధమవుతుంది. నన్ను క్షమించమని మిమ్మల్నీ అడగను. "లేవు" అన్న మాటను ఒక్కసారి "ఉన్నది" అని రాయాలనిపించింది. ఉన్నది. ఆమె ఎడమ చేతి మీద, మోచేతి కింద, అరచేతి వెడల్పున ఉన్నది. నేను చూశాను. రాసేశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.

ఒక్కటే అడుగుతాను. ఎవరైనా మీ గడప ముందు నిలబడి, మీ ఇంట్లో ఎవరికైనా మచ్చలున్నాయా అని అడిగితే, జవాబు చెప్పే ముందు సత్తెమ్మను తలుచుకోండి. ఆ మచ్చ మీరు ఇష్టపడని మనిషి ఒంటి మీద ఉంటే, ఇంకా గట్టిగా తలుచుకోండి.