గంజి పెట్టని చీరలు

"గంజి పెట్టొద్దు" అని ఆమె రెండుసార్లు చెప్పింది. అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది.

డెబ్బైల చివరి మాట ఇది. హోసూరు బయట ఒక గులాబీ తోటలో నేను అంట్లు కట్టే పని చేసేదాన్ని. ఇరవయ్యేళ్లుంటాయి. నాటు గులాబీ కొమ్మకు గాటు పెట్టి, మంచి రకం పుల్ల నుంచి కన్ను ఒలిచి అందులో దూర్చి, అరటినారతో బిగించాలి. నేను కట్టిన కన్ను ఎండిపోవడం అరుదు. తోట యజమానురాలు నాకంటే పదేళ్లు పెద్ద. పనివాళ్లంతా ఆమెను అమ్మగారూ అనేవాళ్లు. నన్ను మాత్రం "అక్కా అని పిలువు" అంది. ఆ ఒక్క పిలుపుకే పొంగిపోయాను. ఎవరైనా కాస్త దగ్గరికి తీస్తే కరిగిపోయే బుద్ధి నాది, ఇప్పటికీ పోలేదు.

ఆమె భర్తకు అండమానులో ఉద్యోగమై ముందే వెళ్లాడు. ఆమె, ఆమె చెల్లెలు మద్రాసులో ఓడ ఎక్కాలి. అక్కడ పెద్ద తోట వేయాలని ఆమె కోరిక. దారిలో రాయకోటలో, కృష్ణగిరిలో తెలిసినవాళ్ల తోటల దగ్గర ఆగి మంచి రకాల పుల్లలు కోసుకుని పోవాలని అనుకుంది.

"నువ్వూ వస్తావు. నువ్వు లేకుంటే ఆడ కన్ను కట్టేదెవరు?" అంది.

అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్లంటే కృష్ణగిరి డ్యామే. నాలుగు రోజులు నీళ్ల మీదే ప్రయాణమని ఆమె చెబుతుంటే నాకు అన్నం సహించలేదు. ఆ సాయంత్రానికే వీధి వీధంతా చెప్పుకున్నాను. వాళ్లు ఊరుకుంటారా? "ఏమమ్మా, ఓడలో నుంచి పడితే నిన్ను యాడని ఎతికేది?" అని ఒకామె, "నాకొక చెంబు సముద్రం తీసుకురా" అని ఇంకొకామె.

మా అమ్మ కృష్ణగిరి అవతలి పోచంపల్లి సంతకు పోయి రేకుపెట్టె కొనుక్కొచ్చింది. అందులో రాగిపిండి, చింతపండు, నిమ్మకాయ ఊరగాయ సర్దింది. ఆ దీవుల్లో రాగులు దొరుకుతాయో లేదో, కూతురు సంగటి లేక చిక్కిపోతుందని అమ్మ బెంగ. నేను రెండు కొత్త చీరలు మడిచి పైన పెట్టాను. బయలుదేరే ముందు రోజు అక్క మా ఇంటికే వచ్చి పెట్టె మూత తీసి చూసింది.

"రాగిపిండి ఎందుకమ్మా, బరువు. తీసెయ్. కొత్త చీరలు కూడా వద్దు, ఉప్పుగాలికి పాడైపోతాయి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు ఎన్నుంటే అన్ని పెట్టుకో. గంజి పెట్టొద్దు."

గడప దాటుతూ మళ్లీ చెప్పింది, గంజి పెట్టొద్దని.

పుల్లలు వాడిపోకుండా తడిగుడ్డ చుట్టి ఉంచడం నా రోజువారీ పని. దానికి పాత నూలుగుడ్డే కావాలి. అది మెత్తగా ఉండాలి. గంజి ఉంటే బూజు పడుతుంది. ఇదంతా ఆమెకు చెప్పిందే నేను. నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పి పోతుంటే, నా సుఖం కోరి చెబుతోందనుకుని మురిసిపోయాను. ఇంత తెలివితక్కువతనం ఒక్క అంట్లు కట్టేదానికే సాధ్యం.

నాకు నాలుగు పాత చీరలున్నాయి. అమ్మ తనది ఒకటి తెచ్చి కలిపింది. ఇటుకరంగుది. "నిన్ను ఊయల్లో ఏసిన చీర ఇది. తెలీని తావులో నీకు తోడుంటాది. పోగొట్టుకోవద్దు, నాకు మళ్లీ తెచ్చియ్యాల" అంది.

తెల్లవారగానే జీపులో బయలుదేరాం. రాయకోట కొండ కింద తోటలో పన్నీరు గులాబీలు విరగబూసి ఉన్నాయి. నేను పుల్లలు కోసి నీళ్ల బకెట్టులో నిలబెడుతుంటే అక్క అంది, "మా చెల్లెలికి కూడా చూపించు. ఓడలో నీకు జ్వరమొస్తే ఎట్ల?" నిజమే కదా అనుకున్నాను. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, కత్తి ఎంత లోతు దించాలో, నార ఎంత బిగించాలో చూపించాను. మూడోసారికి కన్ను సరిగ్గా కూర్చుంది. నా శిష్యురాలని గర్వపడ్డాను కూడా.

మధ్యాహ్నానికి కృష్ణగిరి మామిడితోట చేరాం. అక్కడ మామిడి పుల్లలు కట్టలు కట్టలుగా కోశాం. చుట్టడానికి గుడ్డ ఏదని అడిగితే, చెల్లెలు అప్పటికే నా పెట్టె తెరిచి చీర బయటికి తీస్తోంది. పరాచికాలనుకుని నవ్వాను. వాళ్లు నవ్వలేదు. సరే, ఒక చీర పోతే పోనీలే అనుకున్నాను. ఒకటి చింపాం, తడిపాం, చుట్టాం. రెండోది పోయింది. నాలుగూ పోయాయి. ఇంకా పుల్లలు మిగిలాయి. పెట్టెలో ఇటుకరంగు చీర ఒక్కటే ఉంది.

"ఇది మా అమ్మది, అక్కా."

"ఎండలో పుల్లలు పడుండాయి కదమ్మా. ఆరిపోతే చస్తాయి. నీకు తెలీదా?"

తెలుసు. నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ ఆకులు వాలడం చూడలేక ఆ చీరను నా చేతులతో నేనే చింపాను.

చుట్టిన పుల్లలన్నీ నా పెట్టెలోనే పేర్చి మూత వేశారు. అక్క నా చేతిలో ఒక సంచీడు మామిడిపండ్లు పెట్టింది.

"ఇంక నువ్వు హోసూరు బస్సు ఎక్కమ్మా."

"మరి ఓడ?"

"టికెట్లు మొదటినుంచీ రెండే తీసినాము. చెప్తే నువ్వు రావు కదా" అంది, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు. చెల్లెలు చెట్ల వైపు తిరిగి నిలబడింది.

ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అంటారు. నన్ను ఏరు దగ్గరికి కూడా రానివ్వకుండానే బోడిమల్లన్నను చేసింది. తిట్టాలనిపించింది. అప్పటికీ నోటికి వచ్చేది అక్కా అన్న మాటే. పండ్లు బస్టాండులో ఒక ఆవుకు పెట్టేశాను.

"ఓడను యాడ కట్టేసి వచ్చినావమ్మా?" అని వీధిలో చాలా రోజులు అడిగారు. వాళ్లకు ఏదో ఒకటి అనగలిగాను. అమ్మకు మాత్రం నిజం చెప్పలేకపోయాను. టికెట్టు దొరకలేదు, పెట్టె పొరపాటున వాళ్లతో పోయింది అన్నాను. తన చీరను నేనే చింపానని ఏ నోటితో చెప్పేది?

మూడు నెలలకు జాబు వచ్చింది. ఒక్క పుల్ల కూడా ఎండలేదని, చెల్లెలు కట్టిన కళ్లన్నీ చిగురించాయని, అంతా నా చేతి చలవేనని రాసింది. అవన్నీ చచ్చిపోయి ఉంటే బాగుండునని నాకు మనసారా అనిపించింది. ఇన్నేళ్లు మొక్కలతో బతికి అట్లా కోరుకున్నది ఆ ఒక్కసారే.

అమ్మకు చదువు రాదు. పొయ్యి దగ్గర నుంచే అడిగింది, "చీర సంగతి ఏమన్నా రాసిందా?"

అందులో చీర ఊసే లేదు. ఆ మాట చెబితే అమ్మ మొహం ఎట్లా అయిపోతుందో చూడాలనిపించలేదు.

"రాసింది. భద్రంగా పెట్టినాను, వచ్చేటప్పుడు తెస్తాను అని రాసింది" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. బహుశా అక్కకూ ఇట్లాగే వచ్చి ఉంటుంది, నువ్వూ వస్తావు అన్న మాట.

అమ్మ ఆ జాబును దేవుడి పటం వెనక దాచింది. ఎనభైలు సగం గడిచేదాకా, ఎవరైనా అక్క పేరెత్తి నన్ను మోసం చేసిందంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "అట్లనొద్దు. ఆయమ్మ నా చీర దాచిపెట్టింది. మాట తప్పే మనిషి కాదు" అనేది. పక్కనే కూర్చుని నేను అరటినార చీలుస్తూ ఉండేదాన్ని.